పెనం మీద రాజహరా

శ్రీకాకుళం జిల్లాలో మా చుట్టాలకి ఒక గట్టి నమ్మకం ఉంది. భిలాయ్‌లో ఉక్కు చేసింది నేనేనని. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు ఓ కుర్రాణ్ణి నా ముందుకి తోసి, "ఒరే, భిలాయ్ తాతగారంటే వీరే. మనం ఎక్కే రైలు కింద పట్టాలన్నీ ఈయన చేసినవే" అంటారు. నేను కండువా సర్దుకుని "అబ్బే, నాదేముంది, అందరం కలిసి..." అని నసుగుతాను. వాళ్లు దాన్ని వినయం అనుకుంటారు. అది పచ్చి నిజమని మా ఆవిడకి ఒక్కదానికే తెలుసు.

నేను పనిచేసింది బ్లాస్ట్ ఫర్నేసు విభాగంలోనే, కాదనను. కాకపోతే అందులో టైమ్ ఆఫీసులో. ఎవరు ఏ షిఫ్టుకి వచ్చారు, ఎవరు డుమ్మా కొట్టారు, ఎవరికి ఎంత ఓవర్‌టైమ్, ఇదీ నేను పోసిన ఉక్కు. కరిగిన ఇనుము కాలవలో పారుతుంటే చూసిన సందర్భాలు లేకపోలేదు. అవి చాలావరకు ఎవరైనా పెద్దమనుషులు ప్లాంటు చూడ్డానికి వచ్చినప్పుడు, వాళ్ల వెనకాల, హెల్మెట్ కళ్ల మీదికి జారిపోతుండగా. అంతకు మించి కొలిమికీ నాకూ మాటల్లేవు.

ఈ గుట్టు నాతోనే పోయేది, మనవరాలు పదో తరగతికి రాకపోతే.

రిటైరయ్యాక మేం దుర్గ్‌లో, పద్మనాభపూర్‌లో ఇల్లు కట్టుకున్నాం. కూతురూ అల్లుడూ రాయ్‌పూర్‌లో ఉద్యోగాలకి రోజూ లోకల్ రైల్లో పోయి వస్తుంటారు. పిల్ల చదువు మా మీద పడింది, అంటే మా ఆవిడ మీద పడింది. అయితే సైన్సు పుస్తకంలో మొట్టమొదటి పాఠమే రసాయన చర్యలు, సమీకరణాలు. పిల్ల తిన్నగా నా దగ్గరికే వచ్చింది. ఇంట్లో ఉక్కు చేసిన మనిషి ఉండగా ట్యూషన్ ఎందుకన్నాడు అల్లుడు. అతను ఆ మాట గౌరవంతో అన్నాడో, ఫీజు మిగులుతుందని అన్నాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

తెలియని పాఠానికి చరిత్రే దిక్కు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం దగ్గర ఎత్తుకున్నాను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించడం, రష్యన్ ఇంజనీర్లు, వాళ్ల స్నేహానికి గుర్తుగా మైత్రీబాగ్, అందులో తెల్లపులులు. పులుల దగ్గర పిల్ల ఆపింది. "తాతయ్యా, ఇదంతా సోషల్. నాకు ఉన్నది కెమిస్ట్రీ టెస్టు."

సమీకరణాలు తుల్యం చేయడం దగ్గర మాత్రం నేను నిజంగానే రాణించాను. అది నా వృత్తివిద్య. పొద్దున షిఫ్టుకి గేటు లోపలికి ఎంతమంది వెళ్లారో, సాయంత్రం అంతమందీ బయటికి రావాలి. లోపల ఎవరు ఎవరితో జట్టు కట్టారు, ఎవరు ఏ షాపుకి మారారన్నది వేరే సంగతి. తల తగ్గకూడదు, పెరగకూడదు. సమీకరణంలో బాణం గుర్తే గేటు. రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు లోపలికి పోతే రెండు నీటి అణువులు బయటికి రావాలి. హైడ్రోజన్ తలలు నాలుగు, ఆక్సిజన్ తలలు రెండు, హాజరీ సరిపోయింది. పిల్ల టకటకా నాలుగైదు చేసేసి నాకేసి మెచ్చుకోలుగా చూసింది. ఆ చూపే కొంప ముంచింది.

ఈ లెక్కని 18వ శతాబ్దంలో త్రాసు పెట్టి తేల్చినాయన ఫ్రాన్సు దేశపు లవోయిజర్. ఆయన బతుకుతెరువు కూడా రసాయనం కాదని, పన్నులు వసూలు చేసే సంస్థలో భాగస్వామి అని చదివి నాకు ఎంతో ఆనందం వేసింది. మనవాడే అనిపించింది. ఆ పన్నుల ఉద్యోగం కారణంగానే 1794లో ఆయన తల తీసేశారని తర్వాతి వాక్యంలో ఉంది. ఆనందం కాస్త తగ్గించుకున్నాను.

ఇక చర్యల్లో రకాలు. సంయోగం, వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం. నాలుగు పేర్లూ నేను నరసన్నపేట స్కూల్లో బెత్తం సాక్షిగా వల్లెవేసినవే, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పేర్లు చెప్పి ఊరుకుంటే ఏ గొడవా లేదు. "పుస్తకంలో చదివింది నిలవదమ్మా, చేసి చూడాలి" అన్నాను. ఆ మాట నాకెవరూ చెప్పమనలేదు.

సంయోగం అంటే రెండో మూడో పదార్థాలు కలిసి ఒకటే కావడం. దీనికి సున్నాన్ని మించిన ఉదాహరణ లేదు. దీపావళి ముందు రోజులవి. ఈ దేశంలో దీపావళికి ఇల్లు వెల్లవేయకపోతే లక్ష్మి గుమ్మం దగ్గరే ఆగిపోతుందని అంటారు. ఇందిరా మార్కెట్‌కి వెళ్లి పొడిసున్నం రాళ్లు కొనుక్కొచ్చాను. సున్నపురాయిని బట్టీలో తొమ్మిదివందల డిగ్రీల దాకా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ లేచిపోయి మిగిలేది అదే. దాంట్లో నీళ్లు పోస్తే తడిసున్నం. పుస్తకంలో పక్కన బ్రాకెట్లో 'ఉష్ణమోచక చర్య' అని ఉంది, అంటే వేడి పుడుతుందన్నమాట. ఎంత వేడి అన్నది పుస్తకం చెప్పలేదు. కనిపించిన బాల్చీ తీసుకున్నాను. ప్లాస్టిక్‌ది, ఆకుపచ్చది, మా ఆవిడ ఆ వారమే సుపేలా ఆదివారం సంతలో బేరమాడి తెచ్చినది.

ముందు ఏమీ కాలేదు. రాళ్లు నీళ్లు పీల్చుకుని ఊరుకున్నాయి. "చూశావా, చర్య నెమ్మదిగా మొదలవుతుంది" అని వ్యాఖ్యానం చెబుతున్నాను. అంతలో ఒక రాయి టప్‌మని పగిలింది. తర్వాత అన్నీ పగలడం మొదలుపెట్టాయి. కుతకుత, బుసబుస, ఆవిరి. బాల్చీ నడుం దగ్గర మెత్తబడి ఒక పక్కకి ఒరిగింది. తెల్లటి పాయసం పెరట్లో పారుకుంటూ పోయి కరివేపాకు మొదట్లో చేరింది. పిల్ల చప్పట్లు కొట్టింది. వెల్ల వేయడానికి వచ్చిన ఛత్తీస్‌గఢీ మనిషి నన్ను ఎగాదిగా చూసి, దీనికి ఇనప డబ్బా కావాలని, ముందు నీళ్లు పోసి అందులో రాళ్లు ఒక్కొక్కటిగా వెయ్యాలని, రాళ్ల మీద నీళ్లు గుమ్మరిస్తే చింది కళ్లలో పడి చూపు పోతుందని, రాత్రంతా నాననివ్వాలని చెప్పాడు. అతను ఏ పాఠమూ చదవలేదు. చూపు మాత్రం రెండు కళ్లకీ ఉంది.

గోడకి వేసిన ఆ సున్నం రెండు మూడు రోజుల్లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్ అయి గట్టిపడి మెరుస్తుంది. అంటే బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గాల్లోంచి రాబట్టుకుని, రాయి మళ్లీ రాయే అయి మా గోడకి అతుక్కుంది. మధ్యలో నష్టం ఒక బాల్చీ, ఒక కరివేపాకు చెట్టు.

వియోగం దీనికి తిరగబడ్డది. ఒకటి విడిపోయి రెండో మూడో అవుతుంది. విడిపోవడానికి ఏదో ఒక ఊతం కావాలి, వేడో, వెలుతురో, కరెంటో. వెలుతురుకి ఉదాహరణగా మా పెళ్లి ఆల్బమ్ తీశాను. నలుపు తెలుపు ఫోటోలన్నీ వెండి పుణ్యమే. సిల్వర్ బ్రోమైడ్ మీద వెలుతురు పడితే అది విడిపోవడం మొదలై, కడిగాక సన్నటి వెండి రేణువులు నల్లగా మిగులుతాయి. "చూడమ్మా, ఫోటోలో నా జుట్టులో నలుపంతా వెండే" అన్నాను. "అప్పటి నలుపూ వెండే, ఇప్పటి తెలుపూ వెండేనా?" అని వంటింట్లోంచి వినిపించింది.

వేడికి ఉదాహరణ వంటసోడా. అది వేడెక్కితే మూడుగా విడిపోతుంది: కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి, సోడియం కార్బొనేటు. ఆ గాలి బుడగలే బజ్జీని పొంగిస్తాయి. వాన పడుతున్న ఓ సాయంత్రం మా ఆవిడ గుడికి వెళ్లింది చూసి, పిల్లకి వియోగం తినిపిద్దామని మిరపకాయ బజ్జీలకి దిగాను. పిండి ఆవిడే కలిపి, పసుపూ ఉప్పూ వేసి పెట్టి వెళ్లింది. సోడా కూడా వేసే ఉంటుందని నాకు తోచలేదు. చిటికెడు వేస్తే ఇంత పొంగితే, చెంచాడు వేస్తే ఎంత పొంగాలి? తుల్య సమీకరణం ప్రకారం నా లెక్కలో తప్పులేదు.

బజ్జీలు పొంగాయి. నూనె కూడా బాగానే తాగాయి. కొరికితే సబ్బు ముక్క కొరికినట్టుంది. లోపల చూస్తే ఎర్రగా ఉన్నాయి. నేను గాలి ఒక్కదాన్నే చూసుకున్నాను గానీ బాణానికి అవతల మూడో పదార్థం కూడా రాసి ఉంది కదా. సోడియం కార్బొనేటు అంటే చాకలి సోడా. అది క్షారం. పసుపుకి క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది ఆ గుణం చూసే. ఇదంతా నేను పిల్లకి చెప్పి ముగించేసరికి మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఒక బజ్జీ విరిచి దీపం దగ్గర పెట్టి చూసింది.

"మిరపకాయకి పారాణి పెట్టేరేటండీ?"

స్థానభ్రంశం దగ్గరికి వచ్చేసరికి నా మీద నాకే నమ్మకం సన్నగిల్లింది. కానీ విచిత్రంగా ఈ ప్రయోగం ఒక్కటే పుస్తకంలో ఉన్నట్టు జరిగింది. నాశనం కూడా దీనివల్లే ఎక్కువ అయింది.

చర్యాశీలత ఎక్కువ ఉన్న లోహం తక్కువ ఉన్నదాన్ని దాని స్థానంలోంచి గెంటేస్తుంది. మైలుతుత్తం నీళ్లలో ఇనప మేకు వేస్తే రాగి బయటపడి మేకుకి ఎర్రటి పూత పూసినట్టు అంటుకోవడం అందరూ స్కూల్లో చూసిందే. ట్యూషన్ మాస్టార్లు దీనికి పెళ్లికొడుకులు మారిపోయే కథ ఒకటి చెబుతారు. మా ఇంట్లో ఆ ఉదాహరణ నిషిద్ధం. నేను వెండిని ఎంచుకున్నాను. వెండి సామాను నల్లబడేది గాలిలోని గంధక వాయువుల వల్ల. ఆ నలుపు సిల్వర్ సల్ఫైడ్. గిన్నె అడుగున అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్లు పోసి, వంటసోడా వేసి, నల్లబడ్డ వెండిని ఆ రేకుకి తగిలేలా ఉంచాలి. అల్యూమినియం గంధకాన్ని తను తీసుకుని వెండిని విడిచిపెడుతుంది. తోమక్కర్లేదు, వెండి అరగదు.

ముందు కుంకుమభరిణ వేశాను. పిల్లా నేనూ గిన్నె మీదికి వంగి చూస్తున్నాం. మూత అంచున నలుపు మొదట గోధుమరంగుకి తిరిగింది, తర్వాత ఎవరో లోపలినుంచి తుడుస్తున్నట్టు పలచబడి పోయింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసింది, అది గంధకం వెళ్లిపోతూ పెట్టిన హైడ్రోజన్ సల్ఫైడ్. రేకు మచ్చలు పడి నల్లబడింది. తీసి కడిగితే భరిణ మా మావగారు పెట్టిననాటి తెలుపు. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం మా ఇంట్లో బిరుదు ప్రదానం కింద లెక్క.

అక్కడ ఆగాల్సింది. బిరుదు పొందినవాడు ఆగడు. హారతి పళ్లెం, ఉగ్గుగిన్నె, పన్నీరుబుడ్డి అన్నీ అయ్యాక ఇంకా ఏం నల్లగా ఉన్నాయా అని ఇల్లంతా వెతికాను. అమ్మాయి అలమారలో దొరికాయి. జుంకాలు, ఒక కంటె. అబ్బ, ఎంత నలుపు! తామర రేకుల గీతల్లో నలుపు, ఏనుగుల కళ్లలో నలుపు, నెమలి మెడలో నలుపు. పాపం ఉద్యోగంతో తోముకోవడానికి తీరిక లేదు కాబోలు అనుకున్నాను. కన్నతండ్రిని కదా. అన్నీ గిన్నెలో వేశాను.

రాత్రి లోకల్ దిగి వచ్చిన అమ్మాయి కంటె చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "నాన్నా, ఇందులో ఏనుగేదీ?" అంది.

ఆ నగలని ఆక్సిడైజ్డ్ వెండి అంటారట. ఆ నలుపు కొట్లో కావాలని ఎక్కించిందట, గీతలు కనబడ్డానికి. దానికి డబ్బు ఎక్కువట. నిజానికి అందులో ఆక్సిజన్ ఊసే ఉండదు, ఆ నలుపు కూడా గంధకంతో ఎక్కించిందే. ఈ సంగతి అమ్మాయికి విడమరిచి చెబుదామని నోరు తెరిచాను. మా ఆవిడ కంటితోనే మూయించింది. అల్లుడు మాత్రం "శాస్త్రప్రకారం కరెక్టుగా జరిగినట్టేగా మావయ్యగారూ" అన్నాడు. అతనికి ఆ రాత్రి పెరుగు వడ్డించలేదు.

ఆ మర్నాడు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఉత్త మాటలతో పాఠం చెప్పాను. స్థానభ్రంశం దర్జా అసలు చూడవలసింది రైలు పట్టా మీద. భిలాయ్ నుంచి ఇప్పుడు 260 మీటర్ల పొడుగు పట్టాలు వెళ్తున్నాయి. అయినా ఎక్కడో ఒకచోట పట్టాకీ పట్టాకీ అతుకు తప్పదు. ఆ సందు చుట్టూ అచ్చు కట్టి, పైన మూసలో ఐరన్ ఆక్సైడూ అల్యూమినియం పొడీ పోసి నిప్పంటిస్తారు. అల్యూమినియం ఆక్సిజన్‌ని లాగేసుకుంటుంది. ఆ ఊపులో రెండువేల డిగ్రీలు దాటే వేడి పుట్టి, విడిపోయిన ఇనుము నీళ్లలా కరిగి సందులోకి దిగుతుంది. అల్యూమినియం ఆక్సైడు తేలికది, మడ్డిలా పైకి తేలుతుంది. కరెంటు అక్కర్లేదు, కొలిమి అక్కర్లేదు. 1895లో గోల్డ్‌స్మిట్ అనే జర్మన్ పట్టిన కిటుకు ఇది, థర్మిట్ అంటారు. సమతా ఎక్స్‌ప్రెస్‌లో విజయనగరం వెళ్తుంటే వెనకటి టకటక చప్పుడు ఇప్పుడు అంత వినపడదు. పట్టాలు పొడుగయ్యాయి, ఉన్న సందులూ ఇలా పూడుకుపోయాయి. ఆ చప్పుడు లేక నాకు నిద్ర పట్టదు, అది వేరే.

ద్వంద్వ వియోగం గురించి ఎక్కువ చెప్పను. రెండు పదార్థాలు తమ భాగాల్ని ఇచ్చిపుచ్చుకుంటాయి. పుస్తకంలో సోడియం సల్ఫేట్, బేరియం క్లోరైడ్ కలిపితే తెల్లటి అవక్షేపం పడుతుంది. మా ఇంట్లో బేరియం లేదు కాబట్టి ఇల్లు నిలబడింది. పూజగదిలో పాలరాతి పీట మీద నూనె జిడ్డు పోతుందని నిమ్మకాయ రుద్దాను, అంతే. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే. నిమ్మరసంలోని ఆమ్లం దాంతో ఇచ్చిపుచ్చుకుని సన్నగా నురగ కక్కించింది. జిడ్డు పోయింది, నునుపు కూడా పోయింది. దేవుడు ఇప్పుడు గరుకు రాయి మీద కూర్చున్నాడు, ఆయన ఏమీ అనలేదు.

ఇంతలో పిల్ల అడగనే అడిగింది. "తాతయ్యా, మీ ఫర్నేసులో జరిగేది ఇందులో ఏ రకం?"

శనివారం సెక్టర్ 5 బాలాజీ గుడికి మా పాత కొలిమి మిత్రుడొకాయన వస్తుంటాడు. కాస్ట్‌హౌస్‌లో కరిగిన ఇనుము ముందు నిలబడి ఒళ్లు కాల్చుకున్న మనిషి. ఇన్నేళ్లూ ఆయన హాజరీ వేసింది నేనే. ఆయన లోపల ఏం చేసేవాడో నేను తెలుసుకున్నది మాత్రం గుడి అరుగు మీద, పులిహోర దొన్నె చేతిలో పట్టుకుని.

పైనుంచి మూడు సరుకులు దిగుతాయి. దల్లీ రాజహరా నుంచి ఇనప ఖనిజం, కోక్ ఓవెన్ల నుంచి కోకు, నందిని గనుల వైపునుంచి సున్నపురాయి. కిందనుంచి వేడి గాలి కొడతారు. కోకు గాలిలోని ఆక్సిజన్‌తో మండి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, సంయోగం. అది ఇంకా కోకుని తాకి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. ఆ మోనాక్సైడు పైకి పోతూ పోతూ ఖనిజంలోని ఆక్సిజన్‌ని పట్టుకుపోతుంది. ఖనిజం క్షయకరణం చెంది ఇనుము మిగులుతుంది. సున్నపురాయి విడిపోయి పొడిసున్నం అవుతుంది, వియోగం. ఆ సున్నం ఖనిజంలోని ఇసుకతో కలిసి మడ్డి అవుతుంది, మళ్లీ సంయోగం. ఆ మడ్డి సిమెంటుకి పోతుంది. మా పెరట్లో బాల్చీని వంచిన సరుకే అక్కడ ఇనుముని కడిగి శుభ్రం చేస్తుందని విని దాని మీద నాకు కాస్త గౌరవం కలిగింది.

"టన్ను ఇనుము తియ్యాలంటే ఎంత ఆక్సిజన్ పీకాలో తెలుసా?" అన్నాడాయన. లెక్కంటే నాకు ఉత్సాహం. ఫెర్రిక్ ఆక్సైడ్‌లో 160 పాళ్లకి 112 ఇనుము, 48 ఆక్సిజన్. టన్నుకి దగ్గర దగ్గర 430 కిలోలు. భూమి ఎన్నో కోట్ల ఏళ్లుగా పట్టుకుని కూర్చున్నదాన్ని మనవాళ్లు రాత్రీ పగలూ మూడు షిఫ్టుల్లో విడదీస్తున్నారన్నమాట. నేను ఓవర్‌టైమ్ రాసింది అందుకా అని మొదటిసారి అర్థమై, దొన్నె కింద పెట్టేశాను.

ఇంటికొచ్చి పిల్లకి చెబితే దానికో అనుమానం వచ్చింది. "అయితే కోకు మండడం సంయోగమా, ఆక్సీకరణమా? థర్మిట్ స్థానభ్రంశమా, క్షయకరణమా?" రెండూనే. ఒక మనిషి పేరు హాజరీ పట్టీలో ఉంటుంది, జీతాల పట్టీలోనూ ఉంటుంది, అంతమాత్రాన ఇద్దరు మనుషులు కాడు. ఏది దేంతో చేరింది, ఏది దేన్నుంచి విడిపోయిందని చూస్తే ఒక పట్టీ. ఆక్సిజన్ ఎవరికి దక్కింది, ఎవరికి పోయిందని చూస్తే ఇంకో పట్టీ. నీళ్లు పోస్తే సున్నం ఉడకడం సంయోగమే గాని అందులో ఆక్సీకరణం లేదు. ద్వంద్వ వియోగంలో అసలు ఆ గొడవే ఉండదు. పిల్ల నోట్సు రాసుకుంటుంటే నాకు ఒకటి తట్టింది. ఈ రకాలన్నీ జరిగిపోయాక పద్దు రాసుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. జరగబోయేదాన్ని ఆపడానికి ఒక్క రకమూ పనికిరాదు. అందుకే కాబోలు అవి నాకంత ఇష్టం.

ఇక పెనం సంగతి. దాటవేద్దామనుకున్నాను గాని పిల్ల ఎలాగూ చెప్పేస్తుంది.

మా అత్తగారిచ్చిన దోసెల పెనం అది. ఇనపది, బరువైనది, ఒక పక్క పిడి విరిగిపోయింది. దాని మీద ఎన్నో ఏళ్ల నూనె కాలి కాలి, గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడి, నల్లటి నునుపైన పొర కట్టింది. దోసె వేస్తే అంచులు వాటంతటవే లేచేవి. దీపావళికి ఇత్తడి కుందులు చింతపండూ ఉప్పూ పెట్టి తోమాను. ఇత్తడిలోని రాగి మీది చిలుము ఆమ్లానికి కరిగిపోయి కుందులు బంగారంలా వచ్చాయి. అదే చేత్తో పక్కనే ఉన్న పెనం తీసుకున్నాను. ఇంత నల్లగా ఉందేమిటి, ఉక్కు ఊళ్లో ఉంటూ ఇదేం దరిద్రం అనిపించింది. చింతపండు, ఉప్పు, ఇనప పీచు, అరగంట. లోహం బయటపడింది. బూడిదరంగు వెలుగులో తళతళలాడింది. అందులో నా మొహం కూడా కొంచెం కనబడింది. ఆ తడి పెనాన్ని అలాగే, ఉప్పు నీళ్ల చెమ్మతో, తొట్టి పక్కన బోర్లించి పడుకున్నాను.

పొద్దున మా ఆవిడ కేక వినబడలేదు. అదే భయపెట్టింది. వంటింట్లోకి వెళ్తే ఆవిడ పెనాన్ని వేలితో రాసి ఆ వేలు నాకు చూపించింది. ఎరుపు. రాజహరా గనుల్లో మట్టి రంగు. అక్కణ్ణుంచి రైలెక్కి వచ్చి, కొలిమిలో మండి, ఆక్సిజన్ అంతా వదిలించుకున్న ఇనుము, మా తొట్టి పక్కన ఒక్క రాత్రిలో ఆ ఎరుపుకి వెనక్కి నడక మొదలుపెట్టింది. ఇనుము, గాలి, చెమ్మ, పైగా త్వరపెట్టడానికి ఉప్పు. 2022లో నౌకాదళంలో చేరిన విక్రాంత్ ఓడకి ప్లేట్లు చేసి పంపిన ఊరు మాది. ఆ ఓడ ఉప్పు సముద్రంలో తిరుగుతోంది. నేను పెనాన్ని ఒక రాత్రి కాపాడలేకపోయాను.

"ఇది సంయోగమా, ఆక్సీకరణమా తాతయ్యా?" అని పిల్ల పుస్తకం పట్టుకుని వచ్చింది. "రెండు పట్టీల్లోనూ రాసుకో" అన్నాను.

ఆవిడ తుప్పంతా పొడిగుడ్డతో రుద్దింది. పొయ్యి మీద పెట్టి చెమ్మ చుక్క లేకుండా కాల్చింది. సగానికి కోసిన ఉల్లిపాయకి ఫోర్కు గుచ్చి, నూనెలో ముంచి, మధ్యనుంచి అంచులకి గుండ్రంగా రాస్తూ పోయింది. పొగ వచ్చేదాకా ఉంచింది, దింపింది, చల్లారాక మళ్లీ రాసింది. మొదటి దోసె ముద్ద ముద్దగా వచ్చింది. రెండోది చిరిగింది. మూడోది అట్లకాడకి పాతిక, పెనానికి ముప్పాతిక వచ్చింది. ఆ దోసెలన్నీ ఎవరు తిన్నారో చెప్పక్కర్లేదు. నాలుగు రోజులు పొరుగింటి ఛత్తీస్‌గఢీ అమ్మ పంపిన చీలా అట్లతో ఫలహారం నడిచింది. ఆవిడకి కారణం ఏం చెప్పారో నేను అడగలేదు. గోడ మీంచి నన్ను చూసి ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంటోంది.

టెస్టులో పిల్లకి మంచి మార్కులే వచ్చాయి. నిత్యజీవితంలో రసాయన చర్యలకి ఉదాహరణలు రాయమన్న ప్రశ్నకి అదనపు కాగితం తీసుకుందట. టీచరమ్మ ఆ జవాబుని క్లాసులో చదివించిందట. తాతగారిని ఒకసారి చూడాలని ఉందని కూడా అందట. నేను బిజీ అని చెప్పమన్నాను.

నిన్న పిల్ల రెండో పాఠం తెరిచింది. ఆమ్లాలు, క్షారాలు, లవణాలు. మా ఆవిడ కూరగాయలు తరగడం ఆపి లేచి వెళ్లి బాత్‌రూమ్ కడిగే యాసిడ్ సీసా తెచ్చి పై అటకెక్కించింది. బ్లీచింగ్ పౌడరు డబ్బాని ఇంటి రెండో చివరన సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ పుట్టి ఊపిరాడదని ఆవిడకి నేను చెప్పలేదు, ముందునుంచీ వాటిని పక్కపక్కన ఉంచదు. తర్వాత మళ్లీ వచ్చి కత్తిపీట ముందు కూర్చుంది.

"మూడో పాఠం ఏటే?"

"లోహాలు, అలోహాలు అమ్మమ్మా."

ఆవిడ చెయ్యి చెవి దిద్దు మీదికి పోయింది. నా వైపు తిరిగింది. "బంగారాన్ని కూడా కరిగించీది ఏదైనా ఉందేటండీ?"

ఉంది. ఒక పాలు నత్రికామ్లం, మూడు పాళ్లు హైడ్రోక్లోరికామ్లం కలిపితే ద్రవరాజం. విడివిడిగా ఏదీ బంగారాన్ని ముట్టుకోలేదు, రెండూ కలిస్తే కరిగించేస్తాయి. పేరుతో సహా, పాళ్లతో సహా, అదేం రకం చర్యో దానితో సహా నాకు నోటికి వచ్చు.

"లేదు" అన్నాను.